ఐదో నంబరు బ్రేకాయిలు

మా బోర్డులో ఒక జీపు మీద శాఖాపరమైన విచారణ జరిపి శిక్ష వేశామని చెబితే బయటివాళ్ళు నవ్వుతారు. నవ్వాల్సిన పనేమీ లేదు. విచారణ నిబంధనల ప్రకారమే జరిగింది. ఫైలు నా చేతి మీదుగానే నడిచింది. ప్రతి కాగితానికీ పేజీ నంబరు వేసింది నేనే. అందుకని జరిగింది జరిగినట్టు చెబుతాను.

నీలంవలసలో కొండప్రాంత పశురక్షణ బోర్డు అని ఒకటుంది. ఘాట్ రోడ్డు మొదట్లో, ఏటవాలు మీద కట్టిన ఆఫీసు. కొండ మీద నలభై రెండు ఊళ్ళు. ఆ ఊళ్ళ పశువులకి వైద్యం చెయ్యడం, టీకాలు వెయ్యడం బోర్డు పని. ఆ పని చేసేది డాక్టర్ సుగుణమణి. ఆవిణ్ణీ మందుల పెట్టెనీ కొండెక్కించేది డ్రైవరు పోలినాయుడు. పోలినాయుణ్ణి ఎక్కించేది జీపు. మిగతా పద్నాలుగు మందిమి ఈ ముగ్గురూ చేసిన పనిని రిజిస్టర్లలో ఎక్కిస్తాం.

జీపు వయసు ఇరవై రెండేళ్ళు. పోలినాయుడు దాన్ని కొత్తలో రైలు వ్యాగను నుంచి స్వయంగా దింపుకున్నాడట. దాని దగ్గు విని జ్వరం చెప్పగలడు. ఆ ఏడు ఏప్రిల్లో ఒకరోజు బ్రేకు కాస్త కిందికి దిగుతోందని విప్పి చూసి, వాషర్లు మార్చి, కొత్త బ్రేకాయిలు కావాలని ఇండెంటు రాసిచ్చాడు. "మూడో నంబరు బ్రేకాయిలు, ఒక డబ్బా."

అదే రోజు కార్యదర్శిగారి కొత్త కారుకి కూడా బ్రేకాయిలు ఇండెంటు వచ్చింది. "నాలుగో నంబరు బ్రేకాయిలు, ఒక డబ్బా."

రెండూ ఒకే సరుకు కదా అని రెండు కాగితాల్నీ ఒకే ఫైల్లో పెట్టాను. ఈ కథలో నేను చేసిన తప్పు అదొక్కటే.

కార్యదర్శి వైకుంఠరావుగారు మా దగ్గరికి బదిలీ మీద వచ్చి అప్పటికి మూడు వారాలైంది. అంతకుముందు ఇరవయ్యేళ్ళు ప్రధాన కార్యాలయంలో సీనియారిటీ జాబితాలు తయారుచేశారు. తన కూతురి పెళ్ళిలో వియ్యాలవారిని పుట్టిన తేదీల వరసలో బంతికి కూర్చోబెట్టారని, ఇద్దరి తేదీలు ఒకటే అయితే పేరులో మొదటి అక్షరం చూశారని ఆఫీసులో చెప్పుకునేవారు. ఫైలు చూసి ఆయన కళ్ళద్దాలు తీశారు.

"పద్మనాభంగారూ, ఈ జీపు సర్వీసులో చేరి ఎన్నాళ్ళైంది?"

పద్మనాభంగారు మా సూపరింటెండెంటు. కార్యదర్శులు ఎంతమంది మారినా ఆయన తల మాత్రం ఒకే దిక్కున ఊగుతుంది, నిలువునా.

"ఇరవై రెండు సంవత్సరములు పూర్తి అయినవి సార్."

"నా కారు?"

"రెండు సంవత్సరములు సార్."

"రెండేళ్ళ సర్వీసున్న కారు నాలుగో గ్రేడు తీసుకుంటోంది. ఇరవై రెండేళ్ళ సర్వీసున్న జీపు మూడో గ్రేడులో మగ్గుతోంది. సీనియర్ కన్నా జూనియర్ పై గ్రేడులో ఉంటే దాన్నేమంటారు?"

"ఎనామలీ అందురు సార్."

"ఇన్నాళ్ళూ ఈ ఆఫీసులో ఎవరికీ కనపడలేదా?"

పద్మనాభంగారు సిగ్గుతో తల వంచారు. నేనూ వంచాను. మా ఆఫీసులో పెద్దాయన తల వంచినప్పుడు చిన్నవాళ్ళు నిటారుగా ఉండటం పద్ధతి కాదు.

పోలినాయుణ్ణి పిలిపించారు. నూనె చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ వచ్చి నించున్నాడు. సంగతి విని ముందు నవ్వాడు. ఎవరూ నవ్వడం లేదని చూసి మానేశాడు.

"బాబూ, ఆ నంబరు గ్రేడు కాదండి, రకం. మన జీపుకి ఆయిలు పోసే మూత మీద మూడని అచ్చేసుంది. దాని లోపలున్న రబ్బరంతా ఆ ఆయిలుకే అలవాటు పడింది. కొత్త కారు మూత మీద నాలుగుంటాది, దానికి నాలుగే పొయ్యాల. ఎవుల మూత మీద ఏటుంటే ఆలకి అదే. ఇందులో పెద్దా సిన్నా ఏటుందండి?"

"మూడని అచ్చు వేసిందెవరు?"

"జీపు సేసినోలండి."

"వాళ్ళు నియామక అధికారులా?"

పోలినాయుడు నా వంక చూశాడు. నేను ఫైలు వంక చూశాను.

"కాదు కదా," అన్నారు కార్యదర్శిగారే. "తయారీదారు మూడు అన్నది ప్రవేశ స్థాయి మాత్రమే. ప్రతి ఉద్యోగీ ఏదో ఒక గ్రేడులో ప్రవేశిస్తాడు. అక్కడే రిటైరవడు. మన నిబంధనల ప్రకారం పదోన్నతి లేకుండా ఎనిమిదేళ్ళు పనిచేస్తే ఒక గ్రేడు, పదహారేళ్ళు పనిచేస్తే మరొక గ్రేడు తనంతట తానే పెరగాలి. మూడుకి ఒకటి కలిపితే?"

"నాలుగు సార్," అన్నారు పద్మనాభంగారు.

"మరొకటి కలిపితే?"

"ఐదు సార్!" పద్మనాభంగారి గొంతు గద్గదమైంది.

పోలినాయుడు ఒక్కడుగు ముందుకేశాడు. "బాబూ, తమకి దణ్ణం పెడతాను, ఐదో నంబరు మాత్రం వొద్దు. దాని జాతే వేరు. ఊదారంగులో ఉంటాది. పాత ఆయిలుతోటి కలవదు. మన పాత జీపులో పోత్తే గాలి బుడగలు పట్టేసి, కాలు పెడితే బ్రేకు దూదిలాగ దిగిపోద్ది. మనది ఘాటీ రోడ్డండి."

"నీకు సర్వీసెంత?" అని అడిగారు కార్యదర్శిగారు చల్లగా.

"ముప్పయ్యేళ్ళండి."

"పదోన్నతి?"

"డ్రైవరుకి పదోన్నతేటండి, డ్రైవరే."

కార్యదర్శిగారు, పద్మనాభంగారు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. జీపు పదోన్నతికి పోలినాయుడు ఎందుకు అడ్డుపడుతున్నాడో వాళ్ళకి అర్థమైపోయింది.

ఇంతలో డాక్టర్ సుగుణమణి వచ్చారు. ఆవిడ మాటలు సూదిమందులా సూటిగా ఉంటాయి. "సార్, జూన్లో వానలు మొదలవుతాయి. ఈలోగా నలభై రెండు ఊళ్ళ పశువులకి గొంతువాపు టీకాలు వెయ్యాలి. వానలు పడి రోగం తగిలాక టీకా వేసినా ఒకటే, వెయ్యకపోయినా ఒకటే. జీపుకి మూడో నంబరు ఆయిలు ఒక డబ్బా ఇప్పించండి, రేపే బయల్దేరతాను."

"డాక్టర్ గారూ, మీరు పశువుల పక్షాన మాట్లాడుతున్నారు. బాగుంది. సీనియర్ పక్షాన ఎవరు మాట్లాడాలి? ఇప్పుడు మూడో నంబరు పోస్తే జీపు ఆ గ్రేడుకి ఒప్పుకున్నట్టవుతుంది. దాని హక్కులు దెబ్బతింటాయి. ఫైలు తేలేదాకా బండి కదలకూడదు."

మర్నాడు పోలినాయుడు బజారుకెళ్ళి సొంతంగా మూడో నంబరు డబ్బా కొనుక్కొచ్చాడు. ఉద్యోగి తన పర్యవేక్షణలో ఉన్న వాహనానికి కానుక ఇవ్వడం ప్రవర్తనా నియమావళికి విరుద్ధమని డబ్బాని స్వాధీనం చేసుకుని, జీపు తాళంచెవితో పాటు కార్యదర్శిగారి బీరువాలో పెట్టారు.

పదోన్నతి ఇవ్వాలంటే సర్వీసు రిజిస్టరు ఉండాలి. జీపుకి లేదు. తెరవమని నాకు ఆదేశం వచ్చింది. కొత్త రిజిస్టరు పట్టుకుని షెడ్డుకి వెళ్ళాను. పోలినాయుడు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. వానాకాలం ముందు అతను షెడ్డులో కూర్చోగా చూడటం అదే మొదటిసారి.

"పుట్టిన తేదీ?" అన్నాను.

"రిజిస్ట్రేషన్ పుస్తకంలో ఉన్నది ఏసుకోండి."

"తండ్రి పేరు?"

"నాకేటి తెలుసు బాబూ. కంపెనీ పేరు రాయండి."

"పుట్టుమచ్చలు రెండు."

జీపు చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. "ఎడం మడ్డుగార్డు మీద సొట్ట. బొడ్డపుట్టు ఊరి మలుపులో ఆంబోతు పొడిసింది. ఎనకాల తలుపు మీద గీత. అది నా పెళ్ళాం గాజుల గీత, పెళ్ళైన కొత్తలో ఎక్కించుకున్నాను." తర్వాత గొంతు తగ్గించి, "రెండోది రాయకండి, ఆఫీసు బండి కదా," అన్నాడు.

వేలిముద్ర కోసం ముందు టైరుకి సిరా పూసి పేజీ మీద దొర్లించాం. ఒక పేజీ చాలక ఏడు పేజీలు పట్టింది. ఇక మిగిలింది శారీరక దారుఢ్య ధ్రువపత్రం. సివిల్ సర్జన్ చూడాలా, మెకానిక్ చూడాలా అని పద్మనాభంగారు రెండు రోజులు తర్జనభర్జన పడ్డారు. చివరికి ఇంజను శక్తిని గుర్రాల్లో కొలుస్తారు కాబట్టి పశువైద్యురాలు ఇవ్వవచ్చునని తేల్చారు. సుగుణమణిగారు ఆ కాగితం చదివి, వెనక్కి తిప్పి చూసి, మళ్ళీ చదివారు. ఆ తర్వాత "బ్రేకు తప్ప అన్ని అవయవాలూ బాగున్నవి. బ్రేకుకి మూడో నంబరు ఆయిలు వాడవలెను" అని రాసి సంతకం పెట్టారు. పద్మనాభంగారు మొదటి వాక్యాన్ని ఫైల్లో ఉంచి, రెండోది డాక్టరు పరిధిలోకి రాదని కొట్టేశారు.

ఐదో నంబరు ఆయిలు చుట్టుపక్కల ఎక్కడా దొరకలేదు. దొరకని సరుకు కాబట్టి గొప్పదే అయ్యుంటుందని అందరికీ నమ్మకం కుదిరింది. మే నెల మూడో వారంలో హైదరాబాదు నుంచి పార్సిలొచ్చింది. నిజంగానే వంకాయ రంగు.

ఆ రోజు పోలినాయుడు చివరి ప్రయత్నం చేశాడు. కార్యదర్శిగారి బల్ల మీద ఒక గాజు గ్లాసు పెట్టి, జీపులోంచి తీసిన పాత ఆయిలు సగం పోశాడు. తేనె రంగులో ఉంది. దాని మీద ఊదారంగుది పోసి చెంచాతో గిరగిరా కలిపాడు. కాసేపటికి రెండూ విడిపోయి వేరు వేరు పొరలుగా నిలబడ్డాయి. మధ్యలో దారం పెట్టి గీసినట్టు గీత.

"సూడండి బాబూ. ఇదే బ్రేకు గొట్టంలో అవుద్ది."

కార్యదర్శిగారు గ్లాసుని వెలుగులో పట్టుకుని చాలాసేపు చూశారు. ఆయనకి బోధపడిందేమోనని నాకు ఆశ పుట్టింది.

"ఇది సమన్వయ లోపం," అన్నారు ఆయన. "పాతవాళ్ళకీ కొత్తవాళ్ళకీ పడకపోవడం ప్రతి ఆఫీసులోనూ ఉన్నదే. కలిసి పనిచెయ్యగా చెయ్యగా సర్దుకుంటారు."

"నిస్సందేహంగా సర్దుకొందురు సార్," అన్నారు పద్మనాభంగారు.

ఐదో నంబరు ఆయిలు పోయనని పోలినాయుడు మొరాయించాడు. వెంటనే అతనికి మెమో టైపు చేశాను. "తాము ముప్పది సంవత్సరములుగా పదోన్నతి పొందని కారణమున, సహోద్యోగియగు జీపు పదోన్నతిని ఓర్వలేక ఆటంకపరచుచున్నట్లు తెలియవచ్చినది. తమపై చర్య ఏల తీసుకొనరాదో మూడు దినములలో తెలుపవలెను." పోలినాయుడు దాన్ని నాతోనే చదివించుకుని, "సహోద్యోగి అన్న ముక్క బాగుంది బాబూ," అన్నాడు.

ఆయిలు పోసిన పుణ్యం పద్మనాభంగారు కట్టుకున్నారు. పాతది పూర్తిగా తియ్యలేదు. తీస్తే సర్వీసులో విరామం వస్తుందట. ఉన్నదాని మీదే ఉద్ధరిణెతో పోశారు. పోస్తున్నప్పుడు పెదాలు కదిలాయి, మంత్రమో మరేమో తెలీదు.

ఆ వారంలోనే ఒక ఉదయం కొర్రా బుద్రి అనే ఆమె ఆఫీసు మెట్ల మీద కూర్చుని కనిపించింది. బొడ్డపుట్టు నుంచి పదిహేను మైళ్ళు నడిచొచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. చేతిలో ఒక పలుపుతాడు, అంతే.

"మా ఎద్దు గొంతు వాచి చచ్చిపోయింది. పొరుగామెది పాడి ఆవు పోయింది. ఏటా జీపొచ్చేది. ఈ ఏడు ఎందుకు రాలేదో అడుగుదామని వచ్చాను," అంది.

కొండ మీద ముందుగా కురిసిన జల్లులకే రోగం తగిలిందన్నమాట. నేను ఆమెకి మంచినీళ్ళిచ్చాను. డాక్టరుగారు ఆ మాట వింటూనే ఐసు పెట్టె భుజాన వేసుకుని చెప్పులు తొడుక్కున్నారు. పోలినాయుడు పెట్టె లాక్కుని తన నెత్తిన పెట్టుకున్నాడు. ముగ్గురూ నడిచి వెళ్ళారు. నడిచి ఎన్ని ఊళ్ళు వెళ్ళగలరు? నాలుగు రోజుల్లో దారిలోని రెండు ఊళ్ళు చూసేసరికే పెట్టెలో ఐసు కరిగిపోయింది, బొడ్డపుట్టు దాకా చేరనేలేదు. తిరిగొచ్చినప్పుడు డాక్టరుగారి కాళ్ళు బొబ్బలెక్కి ఉన్నాయి. నలభై ఊళ్ళు అలాగే మిగిలాయి.

జూన్ రెండో తారీఖున జీపు పదోన్నతి సభ జరిగింది. షామియానా వేశారు. జీపుకి బంతిపూల దండ, శాలువా. వైకుంఠరావుగారు తొలి ప్రయాణం తానే చేస్తానన్నారు. షెడ్డు నుంచి వాలు మీదుగా గేటు వరకు, అక్కణ్ణుంచి ఘాటీ మీదికి.

పోలినాయుడు నా చెవిలో, "ఆయన్ని ఇంకెవలు దింపినా గేటు దాటి లోయలోకి పోతాడు బాబూ. నానే తోల్తాను," అన్నాడు. ఉదయం నుంచి అతను పేడగడ్డ తట్టలతో మోసి, వాలు చివర గోడకి ఆనించి కుప్ప పోస్తూ కనిపించాడు. మొక్కలకి ఎరువేమో అనుకున్నాను.

కార్యదర్శిగారు ముందు సీట్లో కూర్చున్నారు. పద్మనాభంగారు వెనక సీట్లో, ఫైలుతో. జీపు మొదటి గేరులో నెమ్మదిగా కదిలింది. అందరం చప్పట్లు కొట్టాం. వాలు సగం దిగాక పోలినాయుడు బ్రేకు తొక్కాడు. పెడలు నేలని తాకింది. మళ్ళీ తొక్కాడు. దూదిపరుపు తొక్కినట్టే. చేతి బ్రేకు లాగాడు, కొంచెం నెమ్మదించింది గానీ ఆగలేదు.

"ఆపు!" అన్నారు కార్యదర్శిగారు.

"ఐదో నంబరు బాబూ, సర్దుకోటానికి టైము పడద్ది," అంటూ పోలినాయుడు స్టీరింగు ఎడమకి కోశాడు. జీపు గేటుని వదిలేసి పేడకుప్పలోకి మెత్తగా, గౌరవంగా దూరింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కార్యదర్శిగారు మాత్రం తలుపు తెరుచుకుని నడుం దాకా దిగబడ్డారు. పద్మనాభంగారు ఫైలుని నెత్తి మీదికెత్తి పట్టుకున్నారు. దాని మీద ఒక్క చుక్క పడలేదు. అందుకే ఇదంతా ఇంత వివరంగా చెప్పగలుగుతున్నాను.

మర్నాడు సమీక్షా సమావేశం. తప్పెవరిది? ఉత్తర్వుది కాదు, అది నిబంధనల ప్రకారం ఉంది. ఆయిలుది కాదు, అది అత్యున్నత గ్రేడు. పోలినాయుడిది అందామంటే, అతను ముందే వద్దన్నట్టు ఫైల్లో వాళ్ళ మెమోయే సాక్ష్యం చెబుతోంది. ఆ రోజు ఎటూ తేలలేదు. జీపు మళ్ళీ షెడ్డుకి చేరింది. ఆకాశంలో మబ్బులు కమ్ముకుంటున్నాయి.

సాయంత్రం పోలినాయుడు నా టేబులు దగ్గరికొచ్చి నించున్నాడు.

"బాబూ, ఒక మడిసికి పదోన్నతిచ్చారనుకోండి. ఆడు ఆ పని సెయ్యలేకపోయాడు. ఏటి సేత్తారు?"

"మెమో ఇస్తాం."

"తరవాత?"

"విచారణ."

"నేరం రుజువైపోతే?"

"కింది గ్రేడుకి దింపేస్తాం. వెనకటి..." అంటూ ఆగిపోయాను.

పోలినాయుడు తెల్లకాగితం ఒకటి నా ముందుకి జరిపాడు. నేను కలం తీసుకున్నాను. నా ఉద్యోగ జీవితంలో అంత ఇష్టంగా రాసిన నోటు ఇంకోటి లేదు. "పదోన్నతి పొందిన జీపు, పై గ్రేడు బాధ్యతలను నిర్వర్తించుటలో ఘోరముగా విఫలమైనందున, దానిపై క్రమశిక్షణ చర్య తీసుకొనవచ్చునేమో పరిశీలనార్థము."

కార్యదర్శిగారి ముఖం వికసించింది. "చూశారా? తప్పు వ్యవస్థలో లేదు. వ్యక్తిలో ఉంది."

జీపు అద్దానికి అభియోగ పత్రం అంటించాం. జవాబు కోసం మూడు రోజులు ఆగాం. జీపు జవాబివ్వలేదు. దాని తరఫున వాదించడానికి సహాయకుడిగా పోలినాయుణ్ణి నియమించారు. ఏడో తారీఖున విచారణ జీపు సమక్షంలోనే జరగాలి కాబట్టి కుర్చీలు షెడ్డులో వేశాం.

అంతా సాఫీగా నడుస్తోందనుకున్నాను. ఇంతలో వైకుంఠరావుగారు గొంతు సవరించుకున్నారు. "ముద్దాయికి ఇరవై రెండేళ్ళ మచ్చలేని సర్వీసుంది. ఇది మొదటి తప్పు. పైగా పదోన్నతి పొందిన కొత్త. మానవతా దృక్పథంతో హెచ్చరించి, అదే గ్రేడులో కొనసాగించాలని నాకనిపిస్తోంది."

"తమది వెన్నలాంటి మనస్సు సార్," అన్నారు పద్మనాభంగారు.

సుగుణమణిగారు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నారు. క్షమిస్తే జీపుకి ఐదో నంబరే శాశ్వతం.

పోలినాయుడు లేచాడు. "బాబూ, దాని తరపున సెప్పాల్సింది నాను గదా. సెప్తాను." జీపు వైపు చూడకుండా, మా వైపు తిరిగి మొదలుపెట్టాడు. "మచ్చలేని సర్వీసు కాదండి. ఇదొట్టి దొంగ. పెట్రోలు తాగీసి మైళ్ళు సూపించదు. ఒక పంద్రాగస్టుకి జెండా దగ్గరికి పదండ్రా అంటే కదల్లేదు, అందరూ నెట్టారు. మంత్రిగారొచ్చినప్పుడు ఆరి తెల్ల పంచె మీద గ్రీజు ఏసింది. ఒకసారి నా మీదికే దొర్లింది..."

అది అబద్ధమని నాకు తెలుసు. లోయ అంచున రాయి జారితే ఆ జీపే పక్కకి ఒరిగి అతన్ని కాపాడిందని ఎన్నోసార్లు చెప్పాడు.

"ముప్పయ్యేళ్ళ నా సర్వీసులో ఇలాటి పనికిమాలిన బండిని సూళ్ళేదు. దీనికి ఐదు తగదు, నాలుగు తగదు. దింపీండి బాబూ. దయ సూపించకండి," అని మొహం భుజం మీది తువ్వాల్లో దాచుకున్నాడు.

సొంత సహాయకుడే ఏడుస్తూ నేరం ఒప్పుకున్నాక దయ చూపడానికి నిబంధనల్లో చోటు లేదు. ఉత్తర్వు అక్కడికక్కడే చెప్పారు, నేను రాసుకున్నాను. "సదరు జీపును ప్రవేశ స్థాయి అనగా మూడవ గ్రేడునకు తగ్గించడమైనది."

ముద్దాయి అప్పీలు చేసుకుంటుందా అని అడగడం మా విధి. పద్మనాభంగారు బానెట్ దగ్గరికి వంగి అడిగారు. జీపు మాట్లాడలేదు. మౌనం అర్ధాంగీకారమని రాసుకున్నారు. మిగతా అర్ధానికి పోలినాయుడి చేత సంతకం పెట్టించారు.

సంతకం తడి ఆరకముందే అతను బండి కిందకి దూరాడు. ఊదా ఆయిలంతా కార్చేసి, గొట్టాలన్నీ కడిగి, గాలి ఊది, మళ్ళీ కొత్త వాషర్లు వేసి, స్వాధీనం చేసుకున్న తన డబ్బానే బీరువాలోంచి ఇప్పించుకుని పోశాడు. నాలుగు చక్రాల దగ్గరా గాలి తీస్తుంటే లోపల కూర్చుని పెడలు తొక్కింది సుగుణమణిగారు. పూట పని. ఆ పూట కోసం మేం యాభై మూడు రోజులు కష్టపడ్డాం.

ఆ మధ్యాహ్నమే బయల్దేరాం. రోజుకి ఆరేడు ఊళ్ళు తిరగాలి కాబట్టి టీకాల లెక్క రాయడానికి నన్ను కూడా వెంటేసుకున్నారు. కొండెక్కి, మొదటి దిగుడు మలుపు తిరగ్గానే మేకల మంద అడ్డొచ్చింది. నేను కళ్ళు మూసుకున్నాను. జీపు ఒక్క కుదుపుతో ఆగింది. ముందున్న మేక తలెత్తి మా నంబరు ప్లేటు వాసన చూసి వెళ్ళిపోయింది.

"శిచ్చ బాగా పని సేత్తంది డాక్టరమ్మా," అన్నాడు పోలినాయుడు.

బొడ్డపుట్టు చేరేసరికి ఊరి పశువులన్నిటినీ తోలుకొచ్చి కట్టేసి ఉంచారు. ఆ ఊళ్ళో అప్పటికి పదకొండు పోయాయి. మిగిలినవాటికి డాక్టరుగారు వరసగా టీకాలు వేస్తూ వెళ్ళారు. బుద్రి తన రెండో ఎద్దు కొమ్ములు పట్టుకుని నించుంది. జోడు పోయింది కాబట్టి ఈ ఏడు దుక్కికి అది ఒంటరిది. టీకా అయ్యాక జీపు చుట్టూ ఒకసారి తిరిగి, చేత్తో తట్టి చూసి నన్నడిగింది.

"రెండు నెలలు రాలేదు గదా. దీనికేం జబ్బు చేసింది?"

ఆమెతో అబద్ధమాడటానికి నోరు రాలేదు. "ప్రమోషన్," అన్నాను.

ఆ మాట ఆమె ఎప్పుడూ వినలేదు. కాసేపు ఆలోచించి, ఎద్దు మెడ మీద చెయ్యి వేసి, భయంగా డాక్టరుగారి వైపు తిరిగింది.

"అది పశువులకి కూడా తగులుద్దా అమ్మా?"

సుగుణమణిగారు సూదిలోకి మందు ఎక్కిస్తూ తలెత్తలేదు.

"తగల్దు బుద్రీ. మనుషులకే," అని, తర్వాతి ఎద్దుని పట్టుకోమన్నారు.